రవిక తొడగని ఫోటో

తిరువళ్ళూరు రైల్వేస్టేషన్ దారిలో ఉన్న ఒక ఫోటో స్టూడియోలో నేను చాలా ఏళ్ళు చేసిన పని, చనిపోయిన ముసలమ్మలకు రవికలు తొడగడం. కంప్యూటరులో.

ఇంట్లో పెద్దావిడ పోతే కొడుకో మనవడో ఒక పాత ఫోటో పట్టుకుని వస్తాడు. పెళ్ళిలో గుంపుగా తీయించుకున్నదో, సెల్‌ఫోనులో ఎవరో సరదాగా తీసిందో. అందులోంచి ఆ ముఖాన్ని కత్తిరించి, పెద్దది చేసి, వెనక నీలంరంగు పరిచి, ఫ్రేము కట్టి ఇవ్వాలి. తమిళనాడు సరిహద్దున మా వైపు పాతతరం ఆడవాళ్ళలో చాలామందికి రవిక అలవాటు లేదు. చీరనే భుజం మీదుగా చుట్టుకుని బతికారు. పొలంలో, సంతలో, గుడిలో అలాగే తిరిగారు. పోయాక మాత్రం ఆ వట్టి భుజాలు గోడ మీద ఉండకూడదు. "రవిక ఏసి పెట్టుమ్మా, పచ్చది" అంటారు మన తెలుగువాళ్ళు. తమిళంవాళ్ళు అడిగేదీ అదే. నా దగ్గర రవికల ఫోల్డరు ఒకటి ఉండేది. ఎర్రది, పచ్చది, జరీ అంచుది, మోచేతి దాకా వచ్చేది. మెడ వంపును బట్టి ఒకటి ఎంచుకుని, నీడలు సరిచేసి అతికిస్తే ఎంతటివాళ్ళూ కనిపెట్టలేరు.

అందులో నాకు తప్పేమీ తోచలేదు. వాళ్ళ అమ్మ, వాళ్ళ గోడ. స్టూడియో యజమాని తమిళుడు, నెమ్మదైన మనిషి. అన్నా అని పిలిచేదాన్ని. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. పెళ్ళిళ్ళకు, చెవులు కుట్టే వేడుకలకు నన్నే పంపేవాడు. తీరిక దొరికిన ఆదివారాల్లో ఆ కెమెరాతోనే నా సొంత ఫోటోలు తీసుకోనిచ్చేవాడు.

మా అవ్వ, అంటే మా నాన్న తల్లి, కనకమ్మ సత్రం అనే ఊరి కూడలి నుంచి లోపలికి వెళ్ళే ఒక పల్లెలో మా పెద్దనాయన దగ్గర ఉంటుంది. మేం సత్రం అని పిలిచే ఆ కూడలి ఊళ్ళోనే పెద్దనాయనకు ఎరువుల అంగడి. నా చిన్నప్పుడే మా నాన్న పోతే, నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయిన మనిషి ఆయన. ఇకమీద ఆయన గురించి నేను ఏం చెప్పినా ఆ సైకిలును పక్కన పెట్టి చదవొద్దు.

అవ్వ పుట్టి బుద్ధెరిగి రవిక వేసుకోలేదు. మా మేనత్త పెళ్ళికి ఎవరో బలవంతంగా తొడిగితే, ముహూర్తం కాకముందే విప్పేసి చంకలో పెట్టుకుని పందిట్లో తిరిగిందట. ఎందుకు విప్పినావని అడిగితే "ఊపిరాడలా" అంది. అంతకు మించి ఆమెకు ఆ విషయంలో పట్టింపు ఏమీ లేదు.

ఒక వేసవి మధ్యాహ్నం నేను ఊరికి వెళ్ళేసరికి అవ్వ వాకిట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని శనక్కాయలు చెరుగుతోంది. ఎదురుగా కొత్తగా సున్నం కొట్టిన గోడ. దాని మీద పడ్డ ఎండ తిరిగి అవ్వ మీద పడుతోంది. చేట ఎగరేసినప్పుడల్లా పైట కొంచెం కొంచెం జారి, చివరకు ఒడిలో పడింది. ఎముకలు తేలిన భుజం, ముడతల్లో కలిసిపోయిన ఒక రొమ్ము, చేటను పట్టిన నరాల చేతులు. నేను వచ్చిన అలికిడికి తలెత్తి నేరుగా చూసింది. ఎవరో దాహమని వచ్చి నిలబడితే చూసే చూపు. నేను ఫోటో తీశాను.

తర్వాత పక్కన కూర్చుని కెమెరా వెనకవైపు తెరమీద చూపించాను. కళ్ళు చిట్లించి చూసింది.

"నేనే గదా. ఇంత ముసిల్దాన్ని అయిపోయినానా?"

"పైట జారింది చూడవ్వా."

"పని చేస్తే జారదా?"

"దీన్ని పెద్దది చేసి గోడకు పెట్టాలని ఉండాది నాకు. నలుగురూ వచ్చి చూస్తారు. మొగోళ్ళు గూడా."

అవ్వ చేట కింద పెట్టింది. నేను ఊరికే అడగడం లేదని ఆమెకు అర్థమైంది.

"మీ తాత ఉంటే ఆయన్ని అడగాల్సొచ్చుండు. ఇప్పుడు నేను ఎవుర్ని అడగాల? పెట్టుకో. చూస్తే అరిగిపోతానా? అయితే పెట్టినాక నాకు చూపించల్ల."

చూపిస్తానని మాటిచ్చాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు జిల్లాలోని ఫోటోగ్రాఫర్లం కొందరం కలిసి తిరుత్తణిలో కొండ కింద ఒక కల్యాణమండపం మేడగది తీసుకుని ప్రదర్శన పెట్టాం. ఒక్కొక్కరికి ఒక గోడ. నా గోడ నిండా సరిహద్దు ఊళ్ళ ముసలమ్మలే. తిరువాలంగాడు స్టేషన్ దగ్గర పూలు కట్టే ఆవిడ, చెరకు తోటలో మంచె మీద కూర్చున్న ఆవిడ, అందరూ రవికల్లేని వాళ్ళే. మధ్యలో అవ్వ, నిలువెత్తు కొలతలో. బతికున్నవాళ్ళను వాళ్ళ ఇష్టంతో, వాళ్ళ భుజాలతోనే తీయాలన్న కోరిక నాకు ఎప్పటి నుంచో ఉంది.

మొదటిరోజు బాగానే జరిగింది. పక్క బడి టీచర్లు వచ్చారు. కొండ మీద గుండు చేయించుకుని తలకు గంధం రాసుకున్న ఒక కుటుంబం పొరపాటున పెళ్ళనుకుని మేడెక్కి వచ్చి, అన్నీ చూసి మరీ దిగింది. ఆ ఇంటి పెద్దాయన అవ్వ ఫోటో ముందు చాలాసేపు నిలబడి, తమిళంలో నాతో "మా అమ్మ చేతులు ఇలాగే ఉండేవి" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున పెద్దనాయన వచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా నేరుగా నా గోడ దగ్గరికి వచ్చి, ఫోటో వైపు చూడకుండా తన సెల్‌ఫోను నా ముఖం ముందు పెట్టాడు. నిన్న వచ్చినవాళ్ళలో ఎవరో అవ్వ ఫోటోను ఫోనుతో తీసి గ్రూపుల్లో పెట్టారు. కింద పళ్ళికిలించే బొమ్మలు, ఏవో కూతలు.

"ఏం పని చేసినావు మేయ్? మా యమ్మను సంతలో నిలబెట్టినావే! యూరియా కొనేదానికొచ్చినోడు అంగట్లో నవ్వతా చూపించినాడు నాకు. ఎంత అసింగం, ఎంత సిగ్గుచేటు!"

ఆయన ఫోను తెరను చొక్కాకేసి అదిమి దాచుకున్నాడు. అది కోపం ఒక్కటే కాదని నాకు తెలుసు.

"ఆ కూతలు కూసినోళ్ళను అడుగు పెద్దనాయనా. నేను అవ్వను అడిగే పెట్టినాను."

"మా యమ్మకేం తెలుసు? సదువా, లోకమా?"

"అడిగితే ఔననో కాదనో చెప్పేంత తెలుసు."

"నేను చెప్తా ఉండాను. తియ్యి దాన్ని."

"తియ్యను. అవ్వ తియ్యమంటే తీస్తాను."

ఆయన వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడు. మధ్యాహ్నానికి సబ్ ఇన్‌స్పెక్టరు ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చాడు. స్త్రీని అశ్లీలంగా చూపించారని, గుడి ఉన్న ఊళ్ళో బహిరంగంగా పెట్టారని ఫిర్యాదు. ఫిర్యాదు ఇచ్చింది మా పెద్దనాయన.

మాతో కలిసి ప్రదర్శన పెట్టిన పెద్ద ఫోటోగ్రాఫరు ఒకాయన గొడవెందుకని, ఆరోజు పేపరులోంచి ఒక పేజీ తీసి అవ్వ ఫోటో మీద అంటించాడు. ఆ పేజీలో నగల దుకాణం ప్రకటన ఉంది. అందులోని పిల్ల వీపు మొత్తం వట్టిగానే ఉంది. సబ్ ఇన్‌స్పెక్టరు తృప్తిగా తల ఊపాడు. నేను ముందుకు వెళ్ళి ఆ పేపరు పీకేశాను. "అమ్మా, అలా చేస్తే దాన్ని మేం తీసుకుపోవాల్సి వస్తుంది" అన్నాడాయన. "తీసుకుపోండి సార్. కప్పి మాత్రం పెట్టను" అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. కానిస్టేబుళ్ళు ఫ్రేమును గోడ మీంచి దించి, పట్టుకునే తీరు తెలియక పడుకోబెట్టినట్టు అడ్డంగా మోసుకుని పోయారు.

సాయంత్రం స్టేషనులో ఇన్‌స్పెక్టరు కుర్చీ చూపించి టీ తెప్పించాడు. తమిళంలో, మర్యాదగానే మాట్లాడాడు.

"మీ ఇంటి గొడవ ఇది. నేనెందుకు పెద్దది చేయాలి? మీ స్టూడియోలో కనుక్కున్నాను. ముసలివాళ్ళ ఫోటోలకు రవికలు వేయడం మీకు వచ్చిన పనే అట కదా. దీనికీ ఒకటి వేసేయండి. వేసి మళ్ళీ పెట్టుకోండి. మీ పెద్దనాన్న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంటున్నారు."

బయట బెంచీ మీద పెద్దనాయన కూర్చుని ఉన్నాడు. తలుపులోంచి ఆయన మోకాళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

"సార్, స్టూడియోకు వచ్చేవాళ్ళు వాళ్ళమ్మకు రవిక కావాలని అడుగుతారు, వేస్తాను. మా అవ్వ అడగలేదు."

"ఒక్క రవికతో పోయేదానికి కోర్టుల చుట్టూ తిరుగుతారా?"

"తిరుగుతాను."

ఆయన టీ గ్లాసు పక్కకు జరిపి రైటరును పిలిచాడు. కేసు రాశారు.

ఇన్‌స్పెక్టరు నా పనినే నా మీదికి తిప్పాక ఇక దాన్ని చేయలేననిపించింది. మరునాడు స్టూడియోకు వెళ్ళగానే కంప్యూటరు తెరిచి నా రవికల ఫోల్డరు చెరిపేశాను. అన్న వెనకే నిలబడి చూస్తున్నాడు. "రేపు ఎవరైనా వస్తే ఏం చెప్పాలి?" అన్నాడు. "వేరే స్టూడియో చూపించండన్నా" అన్నాను. మధ్యాహ్నం ఆయన, కొన్నాళ్ళు కౌంటరు దగ్గర కూర్చోవద్దు, లోపలే పనిచేసుకో, జనం ఏదో ఒకటి అంటున్నారు అని నెమ్మదిగా చెప్పాడు. నేను కౌంటరు దగ్గరే కూర్చున్నాను. జనం వచ్చారు, నా ముఖం చూశారు, పాస్‌పోర్టు ఫోటో ఎంతసేపట్లో ఇస్తారని అడిగారు.

నా తరఫున వాదించిన వకీలు అక్కది చెన్నై పక్కన ఆవడి. వాళ్ళ నాన్న అక్కడి ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. క్రైస్తవులు, ఇంట్లో తెలుగే. ఫైలు తెరవకముందే నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"మీ అవ్వ ఒప్పుకుని ఉండాదా? నిజంగా ఒప్పుకుని ఉండాదా, నువ్వు ఒప్పించినావా?"

జరిగింది జరిగినట్టు చెప్పాను.

"సరే. ఆ మాట మీదనే నిలబడదాం. ఆమె వద్దనుంటే నేను నీ కేసు తీసుకోను. కళ అని చెప్పి ఒకరి ఒళ్ళు వాళ్ళకిష్టం లేకుండా చూపించే హక్కు ఎవరికీ లేదు."

ఆ మాటతో ఆమె మీద నాకు గురి కుదిరింది. చట్టం సంగతి కూడా ఆమె అలాగే విడమరిచి చెప్పింది. ఒంటి మీద బట్ట లేనంత మాత్రాన ఏ బొమ్మా అశ్లీలం అయిపోదు. చూసేవాళ్ళలో కామం రేపడానికి తీసిందా, మొత్తంగా ఆ బొమ్మ ఏం చెబుతోంది, ఈ కాలపు మామూలు మనిషి దాన్ని ఎలా చూస్తాడు, ఇవన్నీ కలిపి చూడాలి.

"రాజ్యాంగంలో మనకు మాట్లాడే హక్కు ఇచ్చినారు. ఆ వెంటనే మర్యాద, నీతి అని హద్దు గూడా పెట్టినారు. ఆ హద్దు యాడ ఉండాదో ముందుగా ఎవరూ గీసి చూపించరమ్మా. దాటినావో లేదో తర్వాత చెప్తారు. ఆ తర్వాత అనేదానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను. ఇప్పుడే మన్నించమని ఒక మాట చెప్తే ఈ వారంలో అయిపోతుంది."

"ఎవర్ని మన్నించమనాల అక్కా?"

ఆమె నవ్వి ఫైలు తెరిచింది.

నాకు ఒక ఆలోచన ఉండేది. తిరువాలంగాడు గుడిలో ఎముకల గూడులాంటి ఒంటితో, ఎండి వేలాడే రొమ్ములతో కూర్చున్న ఒక అమ్మ విగ్రహం ఉంది. మగవాళ్ళు చొక్కాలు విప్పి మరీ దండం పెట్టుకుంటారు. ఆ సంగతి కోర్టులో చెప్పమన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది. "ఇట్లాంటి కేసుల్లో అందరూ గుడి బొమ్మల్నే చూపిస్తారు. మీ అవ్వను దేవతను చెయ్యొద్దు. ఆమె మనిషి. మనిషిగా ఉండే హక్కు గురించే మన గొడవ." అది నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఈలోగా ఊళ్ళో జరిగింది నాకు తర్వాత అవ్వే చెప్పింది. పెద్దనాయన ఫోనులో ఆ ఫోటో చూపించి, జనం ఏమంటున్నారో చదివి వినిపించాడట. అవ్వ ఫోను అందుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "ఇదేంది అగ్గిపెట్టంత ఉండాది? గోడమింద పెద్దది ఉండాదంట గదా. దాన్ని చూపించు" అందట. దాన్ని పోలీసులు ఎత్తుకుపోయారని చెబితే, అప్పుడు వచ్చింది ఆమెకు కోపం. "నా పటం నాకు చూపీకుండా ఎత్తకపొయ్యేదానికి వాళ్ళెవురు?"

పెద్దనాయన ఊరుకోలేదు. సత్రం నుంచి కుట్టుపని ఆవిడను ఇంటికి రప్పించి అవ్వకు రవికల కొలతలు తీయించబోయాడు. కోర్టుకు వెళ్ళాల్సి వస్తే రవికతో వెళ్ళాలని, నాకేమీ తెలియదు, మనవరాలు నన్ను మోసం చేసిందని చెప్పాలని ఆయన పన్నాగం. అవ్వ ఆ కుట్టుపని ఆవిడకు మజ్జిగ ఇచ్చి, ఎదురుగా కూర్చుని ఊరి సంగతులన్నీ అడిగి, చెయ్యి మాత్రం ఎత్తలేదట. కొలత తీయాలంటే చెయ్యి ఎత్తాలి. ఆమె మజ్జిగ తాగేసి టేపు చుట్టుకుని వెళ్ళిపోయింది.

కేసు నిలబడదని, కొట్టేయమని అక్క పిటిషన్ వేసింది. ఫోటోలో ఉన్న మనిషి మాట వినమని కూడా అడిగింది. ఆ వాయిదా రోజున నేను తిరుత్తణి కోర్టు ఆవరణలో నిలబడి ఉంటే, పెద్దనాయన వ్యాను వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి అవ్వ దిగింది. నేను నోరు తెరిచి చూస్తుంటే, "నువ్వు పెట్టిన కేసే గదా, నువ్వే పిలుచుకోని పో అని వీడితో అన్నాను. పిలుచుకోనొచ్చినాడు" అంది. పెద్దనాయన నా వైపు చూడకుండా వ్యాను తాళం వేస్తున్నాడు.

అవ్వ ఎప్పటిలాగే నీలం నూలుచీర భుజం చుట్టూ తిప్పి దోపుకుని ఉంది. వాకిట్లో ఆడ కానిస్టేబులు ఆపింది. లోపలికి ఇలా పోకూడదంటూ ఒక తువ్వాలు అందించింది. "చలిగా లేదు బిడ్డా" అని అవ్వ దాన్ని మడిచి ఆమె చేతికే ఇచ్చి లోపలికి నడిచింది. కానిస్టేబులు నా వైపు చూసింది. నేను కూడా నడిచాను.

మేజిస్ట్రేటు ఇంచుమించు నా వయసు ఆవిడ. సీలు వేసిన ఫ్రేమును తెప్పించి అందరి ముందూ విప్పమంది. గోనె, లక్క, దారాలు. అద్దం ఒక మూల పగిలింది. గుమాస్తా దాన్ని బల్లకు ఆనించి నిలబెట్టాడు. ఎవరూ పిలవకుండానే అవ్వ ముందుకు వెళ్ళి దాని ఎదురుగా నిలబడింది. గదిలో ఇద్దరవ్వలు. ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఆపమని ఎవరూ అనలేదు.

అవ్వ చాలాసేపు చూసింది. వేలు చాచి అద్దం మీద చేటను తాకింది.

"ఈ చేట ఇప్పుడు లేదు. ఎలకలు కొరికేసినాయి" అంది, మేజిస్ట్రేటు వైపు తిరిగి. "మంచి చేట."

మేజిస్ట్రేటు నవ్వు ఆపుకుంది. తర్వాత తమిళంలో, అవ్వను పాట్టీ అని పిలిచి అడిగింది. పాట్టీ, ఈ ఫోటో మీ మనవరాలు మీకు తెలిసే తీసిందా? పదిమంది చూస్తారని మీకు చెప్పిందా? అవ్వ సగం తమిళం, సగం తెలుగులో జవాబిచ్చింది. మా వకీలు అక్క తర్జుమా చేయబోతే, అక్కర్లేదు, నాకు అర్థమవుతోంది అంది మేజిస్ట్రేటు.

"అడిగినాకనే పెట్టింది తల్లీ. మొగోళ్ళు గూడా చూస్తారని చెప్పింది. నేను సరే అన్నాను. నాకు చూపించల్ల అన్నాను. చూపీనీకుండా మీవోళ్ళు ఎత్తకపొయ్యినారు. ఇదిగో, ఇప్పుడు చూస్తా ఉండాను."

ప్రభుత్వ వకీలు లేచాడు. పెద్దమనిషి, గొంతు తగ్గించి అడిగాడు.

"పాట్టీ, ఇంతమంది మిమ్మల్ని ఇలా చూస్తుంటే మీకు అసింగంగా లేదా?"

"ఏంటికి?" అంది అవ్వ.

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. తెలియక అడిగింది. జవాబు కోసం ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఆయన ఫైలు మూసి, ఇంకేమీ అడిగేది లేదని కూర్చున్నాడు. అవ్వ ఇంకా అలాగే నిలబడి ఉంటే నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆమె అరచెయ్యి పొడిగా, వెచ్చగా ఉంది.

పెద్దనాయన వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కూడా ఆ ఫోటోను ఫోనులో తప్ప ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. కళ్ళు దించేశాడు, మళ్ళీ చూశాడు, తర్వాత బయటికి వెళ్ళి వ్యాను దగ్గర నిలబడ్డాడు. ఆయన మనసు మారిందేమోనని నాకు ఆశ పుట్టింది. మారలేదు.

ఇంకొన్ని వాయిదాల తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఈ ఫోటోలో కామం రేపే ఉద్దేశం కనబడదని, ఇందులో ఉన్నది పని చేసుకుంటున్న ఒక వృద్ధురాలని, ఆమె తెలిసే ఒప్పుకుందని, కేసు సాగడానికి ఆధారం లేదని అందులోని సారాంశం. ఫోటో తిరిగి ఇవ్వమన్నారు. అక్క నా భుజం తట్టి, "సంతోషపడు. అయితే ఇది ఈ ఫోటోకు, ఈ కోర్టు చెప్పిన మాట. రేపు ఇంకొక ఊళ్ళో ఇంకొకరు ఫిర్యాదు ఇస్తే మళ్ళా మొదట్నుంచే" అంది.

ఫోటోను తీసుకుని ఆ సాయంత్రమే ఊరికి వెళ్ళాను. పెద్దనాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు, లోపలికి పొమ్మని కూడా అనలేదు.

"గెలిచినావు" అన్నాడు.

"నీమీద కాదు పెద్దనాయనా."

"నామీదనే. పోనీ. జడ్జమ్మ ఏం చెప్పినా నా కంటికి అది తప్పే. నా తల్లిని ఊరంతా చూసినారు. చచ్చేదాకా నాకు అట్లనే ఉంటుంది."

ఆయన అలా అనుకునే హక్కును ఆయన దగ్గర నుంచి లాక్కోవాలని నాకు లేదు. అవ్వ లోపలి నుంచి, "తెచ్చినావా? ఈడ పెట్టు" అని పిలిచింది. తన గదిలో మంచానికి ఎదురుగా మేకు కొట్టించుకుంది. అరుగు గోడకు పెట్టనియ్యనని పెద్దనాయన ముందే చెప్పాడట. "నా గదిలోకి వాడు రాకుంటే వాడికే నష్టం" అంది అవ్వ. వాళ్ళిద్దరూ ఆ పూట మాట్లాడుకోలేదు. ఆయనకు అన్నం మాత్రం అవ్వే పెట్టింది.

తర్వాత నాకు తిరుత్తణిలో హాలు దొరకలేదు. మండపం మేనేజరు ఫోను ఎత్తి, నా గొంతు విని, ఆ నెలంతా ముహూర్తాలున్నాయని చెప్పేవాడు. మూఢం నడుస్తున్న నెలలో కూడా అదే చెప్పాడు. అయితే నేను ఆగలేదు. అవ్వ ఫోటోను మళ్ళీ ప్రింటు తీశాను. కనకమ్మ సత్రం రోడ్డు మీద రైసుమిల్లు ఉన్న ఒక తెలుగాయన, మా కేసు సంగతి విని, రోడ్డు వైపు గోడ వాడుకోమన్నాడు. సంత రోజున పొద్దున్నే మేకులు కొట్టి ముసలమ్మలందరినీ వరసగా తగిలించాను. దాచడానికి గది లేదు, తలుపు లేదు. బస్సులు ఆగినప్పుడు కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. కూరగాయల గంపలు దించుకుని ఆడవాళ్ళు నిలబడ్డారు. నవ్విన వాళ్ళు ఉన్నారు, తిట్టిన వాళ్ళూ ఉన్నారు. ఒక కుర్రవాడు ఫోను పైకెత్తితే పక్కనున్న ఆవిడ అతని మోచెయ్యి కిందికి నొక్కి, "కంటితో చూడు" అంది. బండి మీద పోతున్న పోలీసాయన ఒకరు ఆగి, ఇది ఆ కేసు ఫోటోనే కదా అని అడిగాడు. ఉత్తర్వు కాపీ చూపించాను. నిలబడి మొత్తం చదివి, అవ్వను ఒకసారి చూసి, బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి నన్ను వెతుక్కుంటూ ముసలమ్మలు వస్తున్నారు. తిరువాలంగాడు నుంచి ఒకావిడ రైలెక్కి వచ్చి స్టూడియో కౌంటరు ముందు నిలబడి, "నన్ను గూడా తియ్యి. ఇట్లనే తియ్యి" అంది. ఆమె పైట సర్దుకోలేదు, జార్చుకోలేదు. ఎలా ఉందో అలాగే కూర్చుంది. ఎక్కడ పెట్టొచ్చో, ఎక్కడ పెట్టకూడదో ముందుగా అడిగి, ఆమె చెప్పినదాన్ని ఆమె ఎదుటే రాసుకున్నాను. అక్క చెప్పినట్టు, అదొక్కటే నేను ఒప్పుకునే హద్దు.

ఈమధ్య తిరువళ్ళూరులో ఒక సంస్థవాళ్ళు పెద్ద ప్రదర్శన పెడుతూ నన్ను పిలిచారు. సంతకం పెట్టమని ఒక కాగితం పంపారు. ఎవరి మనసూ నొచ్చుకునే ఫోటోలు పెట్టనని హామీ ఇవ్వాలట. ఎవరి మనసు ఎప్పుడు దేనికి నొచ్చుకుంటుందో నాకు ముందుగా ఎలా తెలుస్తుంది? ఆ వాక్యం మీద పెన్నుతో అడ్డగీత కొట్టి, పక్కన, ఫోటోలో ఉన్నవాళ్ళ అనుమతి లేకుండా ఏ ఫోటో పెట్టను అని రాసి, కింద సంతకం పెట్టి తిప్పి పంపాను. వాళ్ళ నుంచి ఇంకా జవాబు రాలేదు. ప్రింట్లు మాత్రం తీసి పెట్టుకున్నాను. వాళ్ళు వద్దంటే ఈసారి ఎక్కడ తగిలించాలా అని స్టేషన్ దారిలో ఏ గోడ ఖాళీగా ఉందో చూసుకుంటున్నాను.